బ్యాలేకి తుంటి, హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరాలు) సాగడం లేదు, సాగదీసేకొద్దీ నొప్పి పెరుగుతోంది. చెన్నైలో ఉన్నవాళ్ళు సలహా ఇవ్వండి

ఓఎంఆర్_అరబెస్క్ | పెరుంగుడి

అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్ళు. చిన్నప్పుడు నెల్లూరులో కూచిపూడి నేర్చుకుని ఇంటర్‌లో మానేశాను. ఉద్యోగానికి చెన్నై వచ్చాక పెద్దవాళ్ళకి చెప్పే బ్యాలే క్లాసులో చేరాను. వారానికి రెండు క్లాసులు, మిగతా రోజుల్లో ఇంట్లో సొంతంగా సాధన.

కుడికాలు ముందుకు పెట్టి స్ప్లిట్ (కాళ్ళు ముందుకీ వెనక్కీ చాపి నేలకి దిగడం) చేస్తే నేలకి జానెడు ఎత్తులో ఆగిపోతున్నాను. ఎడమకాలు ముందుకు పెడితే అంతకన్నా పైనే. డెవలపే (మడిచిన కాలిని గాల్లో నెమ్మదిగా చాపి నిలపడం) పక్కకి తీస్తే కాలు నడుము ఎత్తుకి కూడా రాదు. వచ్చినా గడగడా వణుకుతుంది. అరబెస్క్‌లో, అంటే ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి ఎత్తినప్పుడు, నడుము పట్టేస్తుంది. రోజూ రాత్రి వీడియోలు చూసి హామ్‌స్ట్రింగ్ స్ట్రెచ్‌లు, పిజియన్ పోజ్, ఫ్రాగ్ (కప్పలా మోకాళ్ళు పక్కలకి విప్పి బోర్లా పడుకోవడం) అన్నీ చేస్తున్నాను. నెలలు గడిచినా పెద్ద తేడా లేదు. పైగా ఈమధ్య ఎడమ పిరుదు అడుగున, సరిగ్గా కుర్చీకి ఆనే చోట, లోతుగా నొప్పి మొదలైంది. ఆఫీసులో చాలాసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు కుంటాల్సి వస్తోంది.

నాది పుట్టుకతోనే బిగుసు ఒళ్ళా? ఇంకా ఎక్కువసేపు సాగదీయాలా? బ్యాలే అంటే నాకు ప్రాణం, వదులుకోవాలని లేదు.

గ్రాండ్_జెతే | అన్నానగర్

అక్కా, టెన్షన్ పడకండి. నాకూ మొదట్లో అలాగే ఉండేది. టీవీ ముందు స్ప్లిట్‌లో కూర్చుని 5 నిమిషాలు, 10 నిమిషాలు అలా పెంచుకుంటూ పోయాను. ముందు కాలు కింద రెండు బ్లాకులు పెట్టి ఓవర్‌స్ప్లిట్ కూడా చేసేవాణ్ణి. ఫ్రెండ్‌ని భుజాల మీద మెల్లగా నొక్కమంటే ఇంకా త్వరగా దిగుతుంది. నొప్పి లేకుండా ఎవరికీ రాదు. వదలకుండా చెయ్యండి.

తుంటి_ఫిజియో | మైలాపూర్

తమ్ముడూ, మీకు పనికొచ్చిందని ఆమెకీ అదే చెప్పకండి. ఆమె చెప్పిన నొప్పి ఉన్న చోటు చూడండి. పిరుదు అడుగున, కుర్చీకి ఆనే చోట. హామ్‌స్ట్రింగ్ కండరాలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. తొడ వెనక ఉండే మూడు కండరాలూ మనం కూర్చునే ఎముకకి టెండన్‌తో (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) అతుక్కుని, తుంటినీ మోకాలినీ దాటి మోకాలి కింద కలుస్తాయి. అందుకే మోకాలు చాపి ముందుకి వంగితే రెండు వైపులా లాగుతాయి. తొడ మధ్యలో లాగడం వేరు, ఎముక దగ్గర నొప్పి రావడం వేరు. మొదటిది స్ట్రెచ్. రెండోది స్ట్రెచ్ ఆపమని చెప్పే గుర్తు.

ఓఎంఆర్_అరబెస్క్ గారూ, మూడు విషయాలు చెప్పండి. ఒకటి, గట్టి కుర్చీ మీద కూర్చుంటే నొప్పి పెరుగుతుందా, మెత్తటి సోఫా మీద తగ్గుతుందా? రెండు, ముందుకి వంగే స్ట్రెచ్ చేసిన మర్నాడు నొప్పి ఎక్కువగా ఉంటుందా?

మూడోది చిన్న పరీక్ష. కుర్చీ అంచున కూర్చుని వీపుని గూనిలా వంచి, గడ్డం ఛాతీకి ఆనించండి. ఎడమ మోకాలిని నెమ్మదిగా చాపుతూ పాదం వేళ్ళని మీ వైపు లాక్కోండి. మోకాలి వెనక లాగడం మొదలవగానే ఆపండి. ఇప్పుడు కాలు కదపకుండా తల ఒక్కటే పైకెత్తండి. లాగడం తగ్గిందా, అలాగే ఉందా? హామ్‌స్ట్రింగ్ మెడకి అతుక్కుని లేదు కాబట్టి తల ఎత్తినంత మాత్రాన దాని లాగుడు తగ్గదు. తగ్గిందంటే లాగుతున్న దాంట్లో నరానికీ వాటా ఉన్నట్టు.

ఓఎంఆర్_అరబెస్క్

మేడమ్, ఇప్పుడే చేశాను. కుడివైపు తల ఎత్తినా అలాగే ఉంది. ఎడమవైపు మాత్రం తల ఎత్తగానే మోకాలి వెనక సగానికి సగం తగ్గిపోయింది! పిక్క వెనక కొద్దిగా జివ్వుమంది కూడా. గట్టి కుర్చీ మీద నొప్పి ఎక్కువే, మా క్యాంటీన్ స్టీలు కుర్చీలైతే కూర్చోలేను. ముందుకి వంగిన మర్నాడు కచ్చితంగా ఎక్కువే.

తుంటి_ఫిజియో

అలాగైతే మీ కాలు బిగుసుగా ఉందనుకుంటున్న దాంట్లో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి అనిపిస్తోంది. చేత్తో పట్టి చూడకుండా ఖాయంగా చెప్పను, దగ్గర్లో ఫిజియోకి ఒకసారి తప్పకుండా చూపించుకోండి. ఈలోగా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మాత్రం చెప్తాను.

మొదటిది టెండన్. మీరు లోతుగా ముందుకి వంగిన ప్రతిసారీ ఆ టెండన్ కూర్చునే ఎముక మీద గట్టిగా ఒత్తుకుంటుంది, బావి గిలక మీద చేంతాడు ఒరుసుకున్నట్టు. ఇప్పటికే మంట మీద ఉన్న టెండన్‌ని సాగదీస్తే ఆ ఒత్తిడే పెరుగుతుంది, అందుకే రోజూ చేసినా మీకు ఫలితం లేదు. కాబట్టి కొన్ని వారాలు మోకాలు చాపి ముందుకి వంగే స్ట్రెచ్‌లు, స్ప్లిట్, బార్ (క్లాసులో పట్టుకునే అడ్డకమ్మీ) మీద కాలు పెట్టి వంగడం పూర్తిగా ఆపండి. క్లాసు ఆపక్కర్లేదు. బాత్మాలో (కాలిని చాపి ఊపుగా పైకి ఎత్తడం) కాలు నొప్పి రాని ఎత్తు దాకానే తీయండి.

టెండన్‌కి కావాల్సింది బరువు. వెల్లకిలా పడుకుని, మడమలు పిరుదులకి కొంచెం దూరంగా పెట్టి, నడుము ఎత్తి 30 నుంచి 45 సెకన్లు పట్టి ఉంచండి. నాలుగైదు సార్లు. చేసేటప్పుడు నొప్పి 10కి 3 దాకా ఉంటే పర్లేదు, మర్నాటికి తగ్గిపోవాలి. తగ్గకపోతే మోతాదు ఎక్కువైనట్టు. రెండు కాళ్ళతో తేలికయ్యాక ఒంటికాలితో చెయ్యండి. ఆ తర్వాత నున్నటి గచ్చు మీద మడమల కింద పాత తువ్వాలు పెట్టుకుని, నడుము ఎత్తి ఉంచి మడమల్ని నెమ్మదిగా దూరం జరపండి. దూరం జరిపేటప్పుడు కండరం పొడవవుతూనే బరువు మోస్తుంది. బలమూ సాగే గుణమూ రెండూ పెరిగేది అందులోనే.

రెండోది నరం. నరాన్ని పట్టి సాగదీయకూడదు, ఆడించాలి. కుర్చీలో కూర్చుని మోకాలు చాపేటప్పుడు తల పైకి, మోకాలు ముడిచేటప్పుడు తల కిందకి. పది పదిహేనుసార్లు, ఎక్కడా ఆగి పట్టకుండా. జివ్వుమనే దాకా వెళ్ళొద్దు.

ఆఫీసులో తొడల కింద మడత పెట్టిన తువ్వాలు వేసుకుంటే ఎముక మీద బరువు తగ్గుతుంది. అరగంటకోసారి లేచి నిలబడండి.

స్ట్రెచ్‌లో టప్పుమని శబ్దం వచ్చి కాలు మీద బరువు మోపలేకపోయినా, తొడ వెనక కమిలినా, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.

బార్_దగ్గర | అడయార్

నేను పిల్లలకీ పెద్దవాళ్ళకీ బ్యాలే చెప్తాను. ఫిజియో గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఓఎంఆర్_అరబెస్క్, మీ డెవలపే కాలు వణకడం గురించి. దాన్ని హామ్‌స్ట్రింగ్ లెక్కలో వేసేశారు. నాకు అది సాగకపోవడంలా అనిపించడం లేదు.

బార్ పట్టుకుని నిలబడి, కాలిని చేత్తో పైకి తీసుకోండి, పక్కకో ముందుకో. మీ నొప్పి వల్ల ముందుగా కుడికాలితో చూడండి. చెయ్యి ఎంత ఎత్తుకి తీసుకెళ్ళగలిగిందో గుర్తుపెట్టుకుని వదిలెయ్యండి. కాలు ఎంత కిందకి పడింది? నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామందికి చెయ్యి వదలగానే కాలు దభీమని పడిపోతుంది. అంటే ఆ ఎత్తుకి తుంటి వెళ్తుంది, కాలు మోసే బలమే లేదు. అలాంటివాళ్ళు రాత్రుళ్ళు ఇంకా సాగదీసుకుంటూ కూర్చుంటే చెయ్యి తీసుకెళ్ళే ఎత్తు పెరుగుతుంది తప్ప స్టేజీ మీద కాలు అంగుళం కూడా లేవదు.

90 డిగ్రీలు దాటాక కాలు ఎత్తే పని ప్రధానంగా సోయస్ అనే లోపలి కండరానిది. తొడ ముందున్న పెద్ద కండరం అప్పటికే బాగా కుంచించుకుపోయి ఉంటుంది, దానికి పెద్దగా లాగే శక్తి మిగలదు. తొడ ముందు భాగం పట్టేస్తోందంటే అదే పనంతా నెత్తినేసుకుందని అర్థం. గోడకి వీపు ఆనించి నిలబడి, ఒక మోకాలిని చేతులతో తుంటి కంటే పైకి తెచ్చుకుని, చేతులు తీసి 5 సెకన్లు నిలపండి. వీపు గోడని వదలకూడదు, నిలబడిన కాలి మోకాలు వంగకూడదు. చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తుంది.

పక్కకి తీసే కాలికి ఇంకో చిక్కు ఉంది. తొడ ఎముక పైభాగాన బయటికి పొడుచుకొచ్చిన గుబ్బ ఉంటుంది. కాలు బయటికి తిప్పకుండా పక్కకి ఎత్తితే అది పైన కటి ఎముక వైపు వెళ్ళి అడ్డుపడుతుంది. తిప్పి ఎత్తితే వెనక్కి తప్పుకుని దారిస్తుంది. అందుకే టర్నవుట్ (తుంటి నుంచి కాలు బయటికి తిప్పడం) వదిలేసిన క్షణంలోనే సెగోండ్ (కాలు పక్కకి ఎత్తడం) ఆగిపోతుంది, లేదా ఆ వైపు తుంటి మొత్తం పైకి లేచిపోతుంది.

అరబెస్క్‌లో నడుము పట్టడం గురించి కూడా. నిలబడి కాలు వెనక్కి తీస్తే తుంటి ఒక్కటే ఇచ్చేది 10 నుంచి 20 డిగ్రీలే. తుంటి ముందువైపు ఉండే లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) మన ఒంట్లోకెల్లా బలమైనది, అది ఒప్పుకోదు. మిగతాదంతా కటి ముందుకి వాలడం వల్లా వెన్ను వెనక్కి వంగడం వల్లా వస్తుంది. వీపు మొత్తం పంచుకోవాల్సిన ఆ వంపు మీకు నడుములో ఒక్క చోటే పడుతోంది. కాలు ఎత్తే ముందు ఛాతీని ముందుకి, పైకి పొడవుగా పంపండి, ఆ తర్వాతే కాలు.

గ్రాండ్_జెతే

ఫిజియో అక్కా, మీ మాట కాదనట్లేదు. కానీ నాకు స్ప్లిట్ వచ్చింది ఆ ఎక్కువసేపు పట్టడం వల్లే కదా. అది తప్పెలా అవుతుంది?

తుంటి_ఫిజియో

తప్పని అనలేదు తమ్ముడూ. మీకు టెండన్ నొప్పి లేదు, ఆమెకి ఉంది. ఇద్దరికీ ఒకే మందు పనిచెయ్యదు.

కొన్ని వారాలు స్ట్రెచ్ చేస్తే కాలు ఎక్కువ దూరం వెళ్తుంది, నిజమే. కానీ కండరం పొడవు అంతగా మారుతోందా అంటే, దాని మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ 2010లో వెప్లర్, మాగ్నుసన్ అనే ఇద్దరు సమీక్షించారు. తక్కువ కాలంలో కనిపించే ఆ లాభంలో ఎక్కువ భాగం లాగుడుని తట్టుకునే ఓర్పు పెరగడం వల్ల వచ్చిందేనని వాళ్ళు వాదించారు. అంటే మీ నరాల వ్యవస్థ ఈ దూరం భద్రమే అని ఒప్పుకుంటోంది. భయపెడితే అది ఒప్పుకోదు. ఫ్రెండ్ భుజాల మీద నొక్కితే కండరం తనని తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. ఆ బిగింపు మీద ఇంకా నొక్కితే తెగే ప్రమాదం అక్కడే ఉంది.

క్లాసుకి ముందు సంగతి కూడా చెప్తాను. ఒక్కో కండరాన్ని నిమిషం దాటి కదలకుండా పట్టి సాగదీస్తే కాసేపు దాని బలం తగ్గుతుంది. ఆ తర్వాత జంప్‌లకి వెళ్తే మంచిది కాదు. ముందు ఒళ్ళు వేడెక్కే కదలికలు, కాళ్ళ ఊపులు, చిన్న చిన్న ప్లియేలు (మోకాళ్ళు వంచి లేవడం). పట్టి ఉంచే స్ట్రెచ్‌లు క్లాసు అయ్యాకే.

వలసరవాక్కం_అమ్మ

నమస్తే మేడమ్. మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా పాపకి 12 నిండాయి. ఈ ఏడాదిలో గబగబా పొడుగైంది, యూనిఫాం మళ్ళీ కుట్టించాల్సి వచ్చింది. నిరుడు నేలకి ఆనే స్ప్లిట్ ఇప్పుడు ఆనడం లేదు. పాప ఏడుస్తోంది, నేను చెడిపోయాను అమ్మా అని. ఇంతకుముందు వెళ్ళిన ఒక క్లాసులో ఫ్రాగ్ పొజిషన్‌లో పడుకోబెట్టి పైన నొక్కేవారు. అక్కడ మాన్పించాను. కానీ ఇంట్లో తనే అక్కని పైన కూర్చోమంటోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు.

తుంటి_ఫిజియో

అమ్మా, పాపతో ముందుగా ఈ మాట చెప్పండి: తను ఏమీ చెడిపోలేదు. ఎముకలు గబగబా పెరిగినప్పుడు కండరాలూ టెండన్లూ కొంతకాలం వెనకబడతాయి, అందుకే నిరుడు వచ్చింది ఇప్పుడు రాదు. పెరుగుదల నెమ్మదించాక చాలావరకు తిరిగొస్తుంది. ఈ వయసు పిల్లలు అందరూ ఈ దశ దాటాల్సినవాళ్ళే.

పైన కూర్చోవడం మాత్రం ఈరోజే ఆపించండి. ఈ వయసులో హామ్‌స్ట్రింగ్ అతుక్కునే ఎముక కొస ఇంకా గట్టిపడదు, మధ్యలో మెత్తటి పెరుగుదల పొర ఉంటుంది. కొందరిలో 20 ఏళ్ళు దాటితే గానీ అది పూర్తిగా అతుక్కోదు. పెద్దవాళ్ళకి కండరం తెగే చోట పిల్లలకి ఎముక ముక్కే ఊడి రావచ్చు. బలవంతపు స్ప్లిట్‌లో జరిగే దెబ్బ ఇది. చాలామంది కండరం పట్టేసిందిలే అనుకుని నెలలు గడిపేస్తారు.

ఫ్రాగ్‌లో నొక్కడం ఏ వయసులోనూ వద్దు. మోకాళ్ళు నేల మీద ఇరుక్కుని ఉంటాయి, పైనుంచి వచ్చిన బరువంతా తుంటి గిన్నె అంచు మీదా మోకాలి లోపలి వైపు మీదా పడుతుంది. తన బరువుతో తను, నొప్పి లేని దూరం దాకా చేసుకుంటే సరే.

పాప టర్నవుట్ ఎంత అన్నదానికి ఎముక ఆకారం కూడా కారణమే. పుట్టినప్పుడు తొడ ఎముక మెడ 30 నుంచి 40 డిగ్రీలు ముందుకి మెలితిరిగి ఉంటుంది, పెద్దయ్యేసరికి సుమారు 15కి తగ్గుతుంది. కొందరిలో అంత తగ్గదు. బోర్లా పడుకోబెట్టి మోకాలు మడిచి, కాలిపిక్కని మెల్లగా బయటికి వాలనివ్వండి, తర్వాత లోపలికి. బయటికి వాలినంత సులువుగా లోపలికి వాలకపోతే పాప తుంటికి టర్నవుట్ సహజంగానే తక్కువ. ఎముకని ఏ స్ట్రెచ్చూ తిప్పలేదు. పాపకి ఉన్నంతలో పూర్తిగా వాడుకోవడం నేర్పించండి.

బార్_దగ్గర

ఇది ప్రతి తల్లికీ చదివి వినిపించాలనిపిస్తోంది. పాదాలు రెండూ ఒకే గీతలోకి రావాలంటే ఒక్కో కాలు 90 డిగ్రీలు తిరగాలి. తుంటి ఒక్కటే 60 దాకా ఇచ్చిందంటే అది చాలా మంచి తుంటి. మిగతాది మోకాలి కింద నుంచి, పాదం నుంచి వస్తుంది. పిల్లలు ప్లియేలో కూర్చుని పాదాల్ని బయటికి తిప్పేసి, ఆ తర్వాత లేచి మోకాళ్ళు చాపుతారు. అప్పుడు పాదం ఒకవైపు, మోకాలు ఇంకోవైపు చూస్తుంటాయి. పాదం లోపలి వైపు వంపు నేలకి కుంగిపోతుంది. పాప ఫస్ట్ పొజిషన్‌లో (మడమలు కలిపి, పాదాలు బయటికి తిప్పి) నిలబడినప్పుడు మోకాలిచిప్ప పాదం రెండో వేలి మీదకి వస్తోందా చూడండి. రాకపోతే పాదాలు కాస్త మూయించండి. పరీక్షలో మార్కు పోతుందని భయపడొద్దు, సరిగ్గా చూసే పరీక్షకులు దీన్నే చూస్తారు.

పాత_గజ్జెలు | టి.నగర్

అమ్మాయ్ ఓఎంఆర్, నెల్లూరులో కూచిపూడి నేర్చుకున్నానన్నావు, అందుకే రాస్తున్నాను. నేను చిన్నప్పటి నుంచీ ఈ ఊళ్ళోనే కూచిపూడి చేశాను, ఇప్పుడు చెప్తున్నాను.

నీ తుంటి బ్యాలే కోసం కొత్తగా పుట్టలేదు. అరమండిలో కూర్చున్నన్నాళ్ళూ నువ్వు చేసింది టర్నవుట్టే. మోకాళ్ళు పక్కలకి విప్పి, వీపు నిటారుగా, మడమలు దగ్గరగా. బార్_దగ్గర చెప్పిన మోకాలు, పాదం తప్పు మా దగ్గర కూడా ఉంది. గచ్చు మీద ఉత్త పాదాలు అతుక్కుంటాయి కదా, పిల్లలు పాదాన్ని నేలకి బిగించి మోకాలిని మెలితిప్పుతారు. తుంటి నుంచి విప్పమని పదిసార్లు చెప్పాలి. పైగా గ్రానైట్ మీదా సిమెంటు మీదా పాదం కొట్టీ కొట్టీ మోకాళ్ళు అరగదీసుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువేం కాదు.

ఈ రెండు నాట్యాలకీ ఈ ఊళ్ళో పాత బంధుత్వమే ఉంది. రుక్మిణీదేవి అరండేల్ మొదట నేర్చుకుంది బ్యాలే. రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర నేర్చుకున్నారు. నీ దేశపు నాట్యాన్ని చూడమని పావ్లోవా చెప్పాకే భరతనాట్యం వైపు తిరిగారు, 1936లో ఆవిడ పెట్టిన నాట్య పాఠశాల కళాక్షేత్ర వచ్చింది. 1963లో కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు ఇక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కాబట్టి అరమండి నుంచి బార్‌కి వెళ్ళడం పరాయి ఇంటికి వెళ్ళడం అనుకోకు.

ఇక పనికొచ్చే మాట. ఒకటో కాలంలో (నిదానమైన మొదటి వేగంలో) అడుగులు ఎందుకు వేయించేవారో గుర్తుందా? తొందర లేకుండా తుంటి, మోకాలు, చీలమండ వేడెక్కడానికి కూడా. చెన్నై ఎండకి చెమట పట్టిందని ఒళ్ళు వేడెక్కిందనుకోకు. ఆటోలో వచ్చి, చెమటలు తుడుచుకుని, ఏసీ గదిలో నేరుగా కాళ్ళు చాపి కూర్చునే పిల్లల్ని రోజూ చూస్తున్నాను. పది నిమిషాలు కదిలి, శ్వాస పెరిగాక చెయ్యి ఏ సాగతీతైనా.

ఓఎంఆర్_అరబెస్క్

అమ్మా, మీరు రాసింది చదివి మనసు నిండిపోయింది. అరమండి ఇప్పటికీ గుర్తుంది నాకు. బార్_దగ్గర మేడమ్, కుడికాలు చెయ్యి వదలగానే మీరు చెప్పినట్టే పడిపోయింది. చేత్తో ఛాతీ ఎత్తుకి వస్తోంది, వదిలితే నడుము కిందకి. ఇన్నాళ్ళూ బిగుసు అనుకుంటున్నది బలం లేకపోవడమా!

చెట్‌పేట్_46

నేనూ ఒక మాట అడగవచ్చా? నాకు 46. బ్యాలే మొదలుపెట్టాలని చాలాకాలంగా ఉంది. ఈ వయసులో తుంటి సాగుతుందా? గజ్జ దగ్గర, అంటే తొడ పొట్టకి కలిసే చోట, అప్పుడప్పుడు టక్ మంటుంది కూడా.

తుంటి_ఫిజియో

సాగుతుంది, సందేహం వద్దు. పెద్దవాళ్ళకి అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ కాలేజీ ఇచ్చే సూచన ఏమిటంటే, వారానికి కనీసం రెండు మూడు రోజులు, ఒక్కో స్ట్రెచ్ 10 నుంచి 30 సెకన్ల చొప్పున, మొత్తం 60 సెకన్లు అయ్యేలా చెయ్యమని. వయసు బాగా పైబడినవాళ్ళు 30 నుంచి 60 సెకన్లు పట్టొచ్చు. రోజూ చేస్తే ఇంకా మంచిది. గంటలు గంటలు అక్కర్లేదు.

కాలు దించేటప్పుడు గజ్జలో టక్ మనడం చాలామంది డాన్సర్లలో ఉంటుంది. సోయస్ టెండన్ ఎముక మీద నుంచి పక్కకి జారే శబ్దం అది. నొప్పి లేకపోతే భయం లేదు, కాలిని వేగంగా జారవిడవకుండా నెమ్మదిగా దించండి. కానీ గజ్జలో లోతుగా నొప్పి ఉండి, కాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు, తాళం పడ్డట్టు అనిపిస్తే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. తుంటి గిన్నె అంచున ఉండే లేబ్రమ్ చిరిగి ఉండొచ్చు. దాన్ని స్ట్రెచ్‌తో బాగుచెయ్యలేం.

గ్రాండ్_జెతే

ఫిజియో అక్కా, కండరాన్ని బిగించి వదిలే పద్ధతి ఒకటి ఉంది కదా, అది మంచిదేనా? మా క్లాసులో అందరూ చేస్తున్నారు.

తుంటి_ఫిజియో

మంచిదే. 1940ల్లో డాక్టర్ హెర్మన్ కాబట్ నరాల జబ్బులున్నవాళ్ళ కోసం మొదలుపెట్టిన పద్ధతి నుంచి వచ్చింది అది. వెల్లకిలా పడుకుని పాదానికి చున్నీ తగిలించుకోండి. కాలు ఎత్తి లాగుడు మొదలైన చోట ఆగండి. మడమని నేల వైపు నెడుతున్నట్టు చున్నీకి ఎదురు 5, 6 సెకన్లు నెట్టండి, పూర్తి బలంతో కాదు, సగం బలంతో. వదిలేసి ఊపిరి బయటికి వదులుతూ కాలిని కొంచెం దగ్గరకి తెచ్చి 20 సెకన్లు ఉంచండి. మూడుసార్లు చాలు. రెండో కాలు నేల మీద చాపి ఉండాలి, నడుము కింద అరచెయ్యి పట్టేంత సందు మామూలుగా ఉండనివ్వండి. కటి వెనక్కి తిరిగిపోతే కాలు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది గానీ హామ్‌స్ట్రింగ్ ఏమీ సాగదు. చున్నీ మీ చేతుల్లోనే ఉండాలి, ఫ్రెండ్ చేతుల్లో కాదు.

ఓఎంఆర్ గారు మాత్రం ఎడమవైపు ఇప్పుడే చెయ్యకూడదు.

వలసరవాక్కం_అమ్మ

మేడమ్, పాపకి మీరు రాసింది చదివి వినిపించాను. ముందు నమ్మలేదు. బోర్లా పడుకుని కాళ్ళు వాల్చి చూసుకుంది. లోపలికీ బయటికీ ఇంచుమించు సమానంగానే వాలాయి. తర్వాత అద్దం ముందు నిలబడి మోకాలిచిప్పలు ఎటు చూస్తున్నాయో తనే చూసుకుంది, పాదాలు కాస్త మూసుకుంది. పక్కన కూర్చోమంది గానీ అక్కని పైన కూర్చోమనలేదు. చాలా థాంక్స్ అండీ.

ఓఎంఆర్_అరబెస్క్

చాలా రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. ఫిజియోకి చూపించుకున్నాను, ఇక్కడ చెప్పినట్టే టెండన్ అన్నారు. వంగే స్ట్రెచ్‌లు ఆపేసి, వంతెనలా నడుము ఎత్తేది చేస్తున్నాను, ఇప్పుడు ఒంటికాలితో. గచ్చు మీద తువ్వాలు జరిపేది కూడా మొదలుపెట్టాను. కూర్చుంటే వచ్చే నొప్పి బాగా తగ్గింది, క్యాంటీన్ కుర్చీ మీద భోంచేస్తున్నాను. గోడకి ఆని మోకాలు నిలిపేది వదలకుండా చేస్తున్నాను. నిన్న క్లాసులో ముందుకి తీసిన డెవలపే నడుము ఎత్తులో రెండు లెక్కలు ఆగింది. మా టీచర్ చూసి ఏమీ అనకుండా తల ఊపారు. ఆ సంతోషం ఎలా చెప్పాలో తెలియడం లేదు.

స్ప్లిట్ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

తుంటి_ఫిజియో

చాలా సంతోషం. ఈ టెండన్ నొప్పికి మొత్తం మీద కనీసం మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు కూడా పడుతుంది. నొప్పి తగ్గగానే తొందరపడకండి. తేదీ చూసుకుని కాదు, మూడు గుర్తులు చూసుకుని మొదలుపెట్టండి. గంటసేపు కూర్చున్నా నొప్పి రాకూడదు. ఒంటికాలి వంతెన రెండు వైపులా సమానంగా రావాలి. ఆ తర్వాత మోకాళ్ళు కాస్త వదులుగా ఉంచి, వీపు వంచకుండా తుంటి దగ్గర మడిచి ముందుకి వంగి లేవాలి, ముందు ఉత్త చేతులతో, తర్వాత 5 కిలోల బియ్యం సంచి పట్టుకుని, ఆపైన 10 కిలోలతో. మర్నాడు ఎముక దగ్గర నొప్పి రాకపోతే టెండన్ వంగడానికి సిద్ధంగా ఉన్నట్టే. మీకు చూసిన ఫిజియో కూడా సరే అనాలి.

బార్_దగ్గర

ఆ మూడూ అయ్యాక స్ప్లిట్ ఇలా మొదలుపెట్టండి. ముందు తొడకి రెండు పక్కలా ఎత్తైన బ్లాకులో స్టూళ్ళో పెట్టుకుని చేతులు వాటి మీద ఆనించండి, బరువు చేతుల మీదే ఉండాలి. వెనక మోకాలు నేల మీద, దాని కింద దుప్పటి. వెనక కాలి తుంటి ముందుభాగం విచ్చుకుంటోందా అని ముందు చూసుకోండి. స్ప్లిట్ దిగకపోవడానికి చాలామందిలో ఎక్కువ కారణం అదే, ముందు కాలి హామ్‌స్ట్రింగ్ కాదు. వెనక పిరుదుని బిగించి కటిని నిటారుగా నిలబెట్టండి, రెండు తుంటి ఎముకలూ ముందుకే చూడాలి. దిగిన చోట రెండు మడమలనీ ఒకదాని వైపు ఒకటి నేల మీద లాగుతున్నట్టు 5 సెకన్లు బిగించి వదలండి. చేతుల సాయం తగ్గించినా ఆ చోట నిలబడగలిగితేనే తర్వాతి అంగుళం. ఓవర్‌స్ప్లిట్ జోలికి ఇప్పట్లో వెళ్ళొద్దు.

ఎడమకాలు ముందుకి పెట్టేది కుడివైపు కంటే కొన్ని వారాలు ఆలస్యంగా మొదలుపెట్టండి. ఈ సంగతి మీ టీచర్‌కి ముందే చెప్పి, బార్ మీద ఎడమకాలు పెట్టే ఎత్తు ఆవిడనే చూసి చెప్పమనండి.